పద్నాలుగో గడి

సోమవారం ఎనిమిదిన్నరకు సుకుమారి ముందు గది తలుపులు తీసింది. తీసిందే గానీ లోపల అడుగు పెట్టబుద్ధి కాలేదు. శనివారం సాయంత్రం నుంచీ ఆ గదిలో జరుగుతున్న రచ్చ అట్లాంటిది మరి. ఊడ్చిన మూలనే మళ్ళీ ఊడ్చింది. టీవీల మీద గుడ్డలు తీసి, మడిచి, మడత కుదరలేదని విప్పి మళ్ళీ మడిచింది. స్టెబిలైజరు ముల్లు రెండొందలకు ఎక్కేదాకా దాని ముందే నిలబడింది. తలనొప్పి రాకముందే అమృతాంజనం రాసుకుంది. వస్తుందని తెలుసు గదా.

ఉదయగిరి బస్టాండు వెనక సందులో ఆమె ఇంటి ముందు గదే ఆ వీడియో గేముల షాపు. రెండు టీవీలు, రెండు గేము పెట్టెలు, నాలుగు స్టూళ్ళు, పావుగంటకు మోగేట్టు తిప్పిపెట్టే అలారం గడియారం ఒకటి. పావుగంటకు రూపాయి. ఇరవై రూపాయల కార్డు తీసుకుంటే ఇరవై అయిదు గళ్ళు. కూర్చున్నప్పుడల్లా ఒక గడిని ఎర్ర పెన్సిలుతో అడ్డంగా కొట్టేస్తుంది. గోడకు బోర్డు. ‘ఒకసారి తీసుకున్న డబ్బు ఎట్టి పరిస్థితులలోనూ వాపసు ఇవ్వబడదు.’ షాపు పెట్టిన కొత్తలో పెయింటరు నారాయణయ్య కుంచె పట్టుకుని “ఏం రాయమంటావమ్మా?” అని అడిగితే ఆమెకేం తోచలేదు. గేము పెట్టెలు కొన్నప్పటి ఆత్మకూరు బిల్లు చేతికందింది. దాని అడుగున ఉన్న లైను చూపించి, ‘సరుకు’ తీసేసి ‘డబ్బు’ పెట్టమంది. పెద్ద షాపు వాళ్ళు రాసిన మాట, తప్పెందుకుంటుంది అనుకుంది.

అదే ఆత్మకూరు షాపు నుంచే శనివారం మెకానిక్ సాయి వచ్చినాడు. “అమ్మా, పాత క్యాసెట్లు కంపెనీవాళ్ళు ఆపేసినారు. సర్వీసు కింద కొత్తవి ఇస్తుండాం. వెయ్యి ఆటలు! పాతయన్నీ ఇందులోనే ఉండాయి” అన్నాడు. ఊరికే వస్తున్నాయంటే ఎవరికి చేదు? ఆమె టీ ఇచ్చింది, పాత క్యాసెట్లు రెండూ ఇచ్చింది, వాటి మీద దుమ్ము కూడా తుడిచి మరీ ఇచ్చింది. సాయి సంచిలో వేసుకుని ఐదు గంటల బస్సెక్కినాడు.

ఆరింటికి బండారం బయటపడింది. వెయ్యి ఆటల లిస్టయితే పేజీలకు పేజీలు ఉంది. ఎనిమిదో ఆట దాటినాక మళ్ళీ మొదటిదే, వేరే పేరుతో. ట్యాంకుల ఆటలో ఇద్దరు కలిసి ఆడే జోడీ లేదు. ఒకడు ఆడుతుంటే ఇంకొకడు నోరు తెరుచుకుని చూడాల్సిందే. పైనుంచి ఇటికలు పడే ఆటకు పాతదాంట్లో నిదానం, మధ్యరకం, జోరు అని మూడు వేగాలుండేవి. కొత్తదాంట్లో అడిగేదీ లేదు, పెట్టేదీ లేదు. మొదటి ఇటికే రాయి విసిరినట్టు వచ్చి పడుతుంది.

“అక్కా, జోడీ వచ్చిందా?” తొమ్మిది కాకముందే గడప దగ్గర నలుగురు పిల్లకాయలు.

“జోడీ లేదు గీడీ లేదు. ఆడితే ఆడండి, లేకుంటే పోండి.”

“మా కార్డులో ఇంగా గళ్ళుండాయి గదక్కా.”

“బోర్డు చదువుకోండి. బళ్ళో చదువు చెప్పడంలే?”

“మేము దుడ్లు ఇచ్చింది ఈ ఆటకు కాదు గదా!”

“నన్నడిగితే నేనేమన్నా దాన్ని కడుపులో పెట్టుకుని కన్నానా? పొండి, బడికి టైమయింది!” అని కసిరింది. వాళ్ళు పోయినారు. పోతూ పోతూ సందు మలుపులో ఏదో అని నవ్వుకున్నారు. ఆ నవ్వు తన మీదనే అని ఆమెకు తెలుసు. కూర్చుంది. కాళ్ళు లాగుతున్నాయి.

పదకొండుకు టైలరు యేసురత్నం వచ్చినాడు. రోజూ ఆయన టైము అదే, పిల్లకాయలు బళ్ళో ఉండే టైము. అరవై దాటిన మనిషి. జూన్‌లో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. చేతిలో ఏదో ఒకటి పట్టుకుని వేళ్ళు ఆడిస్తా ఉండమని డాక్టరు చెప్పినాడు. రబ్బరు బంతి పిసికి పిసికి విసుగొచ్చి, ఒకరోజు ఇటు పోతూ ఆగి, “అమ్మాయ్, అది నేనొకసారి పట్టుకోవచ్చా?” అని అడిగినాడు. అప్పట్నుంచి ఇది మూడో కార్డు.

ఎప్పట్లాగే ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి రిమోటు మీద పెట్టుకున్నాడు. బొటనవేలిని పట్టుకుని మీట మీద ఆనించినాడు. సెప్టెంబరులో ఆ వేలు మీటను అదిమేది కాదు. అక్టోబరులో ఒక వరస నిండింది. పోయిన వారం పందొమ్మిది వరసలు. ఆ రోజు ఆయన వెనక్కి తిరిగి “చూస్తివా!” అన్నప్పుడు సుకుమారికి చప్పట్లు కొట్టాలనిపించి, సిగ్గేసి ఊరుకుంది.

“పెదనాయనా, రొంత జోరుగా పడతాయి ఇయ్యాల” అంది.

“పడనీలే.”

మొదటి ఇటిక పడింది. ఆయన వేలు కదిలేలోగా రెండోది దాని మీద పడింది. మూడోది, నాలుగోది. నిమిషం తిరక్కుండానే గోడ పైకి లేచి ఆట అయిపోయింది. మళ్ళీ మొదలుపెట్టినాడు. మళ్ళీ అంతే. నాలుగోసారి ఆయన నుదుటి మీద చెమట పట్టింది. కుడి భుజం ఎగిరెగిరి పడుతుంది గానీ వేలు మాత్రం తన తీరునే, తన టైములోనే కదులుతుంది. ఆట దానికోసం ఆగడంలేదు.

ఆయన బొటనవేలిని ఎడమచేత్తో పట్టుకుని మీట మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఇది ఆడుకోవడం కాదమ్మాయ్, తరుముకోవడం” అన్నాడు.

లేచినాడు. జేబులోంచి కార్డు తీసి ఆమె ముందు పెట్టినాడు, రోజూ పెట్టినట్టే. ఆమె ఎర్ర పెన్సిలు తీసి పన్నెండో గడిని కొట్టేసింది, రోజూ కొట్టేసినట్టే. ఆయన కార్డును జేబులో పెట్టుకుని, “మంచిదమ్మా” అని మెట్లు దిగి వెళ్ళిపోయినాడు.

మంగళవారం పదకొండయింది, పదకొండున్నరయింది. ఆయన రాలేదు.

*

బుధవారం సుకుమారి షాపుకు తాళమేసి ఆత్మకూరు బస్సెక్కింది. కొత్త క్యాసెట్లు రెండూ, బిల్లూ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఒళ్ళో పట్టుకుంది. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా మాటలు కూర్చుకుంది. మర్యాదగా మొదలుపెట్టాల. గొంతు పెంచకూడదు. ఏడవకూడదు. దిగేసరికి కూర్చుకున్న మాటలన్నీ కలిసిపోయి మడ్డిగా మిగిలినాయి.

వెంకటరమణయ్య షాపులో మిక్సీలూ ఫ్యాన్లూ టేపురికార్డర్లూ గోడ నిండా ఉన్నాయి. ఆయన కౌంటరు మీద ఒక మిక్సీని తిరగేసుకుని, దాని కింద రబ్బరు బుడిపెలను ఒక్కొక్కటిగా నొక్కి చూస్తున్నాడు. మంచి సావుకారే. ముఖం మీద నవ్వు చెరగదు.

“ఏందమ్మా సుకుమారమ్మా, క్యాసెట్లు బాగుండాయా? వెయ్యి ఆటలు! నెల్లూర్లో గూడా లేవు.”

“ఎనిమిదుండాయి సావుకారూ. ఆ ఎనిమిదినే వెయ్యిసార్లు రాసినారు. జోడీ లేదు, నిదానం లేదు. నా పాత క్యాసెట్లు నాకిచ్చేయండి.”

“ఎక్కువిచ్చినా ఏడిస్తే ఎట్లమ్మా?” ఆయన నవ్వుతూనే అన్నాడు. “పాతయి యాడుండాయి, శనివారమే మద్రాసు పార్సిలేసేసినాం.”

“నేనడిగినానా కొత్తవి?”

“అడగకపోయినా ఇచ్చినాం. సర్వీసంటే అదే గదా.”

“నా షాపుకు జనం వచ్చేది ఆ రెండు ఆటలకే. బండి బాగుచేస్తానని తీసుకపోయి, చక్రాలు ఊడబీకి, రంగేసి ఇస్తే దాన్ని సర్వీసు అంటారా?”

ఆయన మిక్సీని నిలబెట్టినాడు. నవ్వు ఉంది గానీ కొంచెం అలిసింది. సొరుగులోంచి కాగితాల కట్ట తీసి, అందులో ఒకటి లాగి ఆమె ముందు పరిచినాడు. మద్రాసు హోల్‌సేలు వాళ్ళ బిల్లు. అడుగున ఇంగ్లీషులో సన్నటి అక్షరాలు. “చూడు. ఒకసారి అమ్మిన సరుకు వాపసు లేదు అని రాసుండాది. నాకు వాళ్ళిచ్చింది నేను నీకిస్తుండా. వాళ్ళకు ఏ దేశం నుంచి వచ్చిందో వాళ్ళకే తెలీదు. నేనెవురిని అడగాల? చెప్పు.”

“అది మీరూ వాళ్ళూ తేల్చుకోండి సావుకారూ. నాకు వాళ్ళెవురో తెలీదు. నా దగ్గర దుడ్లు తీసుకున్నది మీరు. బిల్లు మీద పేరు మీది.” గొంతు పెరగనే పెరిగింది. ఫ్యాను బేరం చేస్తున్న ఆడమనిషి తిరిగి చూసింది.

వెంకటరమణయ్య ఆమె బిల్లును తనే విప్పి, అడుగు లైను మీద వేలు పెట్టినాడు. “ఒకసారి అమ్మిన సరుకు ఎట్టి పరిస్థితులలోనూ వాపసు తీసుకొనబడదు. చదువుకున్నదానివి. ఇది చూసే గదా సంతకం పెట్టినావు?”

చూసింది. ఎందుకు చూడలేదు? ఆ అక్షరాలు ఆమె గోడ మీదనే వేలెడు వేలెడున్నాయి గదా.

“ఇంగొక మాట” అన్నాడాయన, మంచి చెప్పే గొంతుతో. “కోర్టూ ఫోరమూ అని ఎవురన్నా చెప్తే ఎగరబాకు. నువ్వు దాన్ని పెట్టి వ్యాపారం చేస్తుండావు. వినియోగదారు అంటే ఇంట్లో వాడుకునేవాళ్ళు. నీకది వర్తించదు.”

ఆమె సంచి తీసుకుని బయటికొచ్చింది. బస్టాండులో నిమ్మసోడా తాగింది. తాగినాక కూడా దాహం తీరలేదు.

*

సాయంత్రం దిగీ దిగడంతోనే ఎడ్విన్ సారు ఇంటికి పోయింది. హైస్కూల్లో సోషల్ చెప్పే మాస్టరు. బళ్ళో పిల్లలతో వినియోగదారుల క్లబ్బు అని ఒకటి నడుపుతున్నాడు. ఆ క్లబ్బును చూసి ఊళ్ళో కిరాణా షాపులవాళ్ళు ఆయనకు తూకంలో ఒక చిటికెడు ఎక్కువే వేస్తారు. ఆయన దాన్ని చూసి రోజూ బాధపడతాడు.

“వర్తించదన్నాడా?” ఎడ్విన్ సారు కళ్ళజోడు సర్దుకున్నాడు. “సగం తెలిసినవాడు మొత్తం తెలిసినోడి కంటే గట్టిగా చెప్తాడు సుకుమారక్కా. బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునేవాళ్ళను వినియోగదారు కిందనే లెక్కపెట్టమని తొంభై మూడులోనే చట్టంలో కలిపినారు. ఐదేళ్ళయింది. బిల్లు మీద లైను రాసుకున్నంత మాత్రాన చట్టం ఆగిపోదు. లాయరు గూడా అక్కర్లేదు, తెల్లకాయితం చాలు. ముందు సావుకారుకు నోటీసు పంపిద్దాం. పలక్కపోతే నెల్లూరు ఫోరం.”

ఆయనే కూర్చుని ఆమె చెప్పింది రాసినాడు. మొదటి పేజీ అయిపోయినాక పెన్ను ఆపినాడు.

“ఒక చిక్కుండాది. ఆయన ఏమంటాడు? నలభై ఆటలుండేది వెయ్యి చేసినా, నష్టమేంది అంటాడు. ఫలానా ఆట పోవడం వల్ల ఫలానా మనిషికి ఇది పోయింది అని ఎవురన్నా రాసిస్తే గట్టిగా ఉంటుంది. నీ గిరాకీల్లో పెద్దవాళ్ళెవురన్నా ఉండారా?”

ఆమెకు ఒకే ఒక్క మనిషి గుర్తొచ్చినాడు.

*

గురువారం పొద్దున యేసురత్నం ఇంటికి పోయేసరికి ఆయన వసారాలో కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నాడు. కుట్టడానికి కాదు. మిషను మీద దుప్పటి కప్పి ఉంది. దాని మీద కత్తెర, సుద్దబిళ్ళ, మడత విప్పని లేతనీలం చొక్కాగుడ్డ. కుడిచేతి వేళ్ళను కత్తెర కంతల్లో ఎడమచేత్తో దూర్చుకుంటున్నాడు. దూరినాయి. కత్తెర మాత్రం తెరుచుకోవడంలేదు.

“ఎవురూ, సుకుమారా? రామ్మా.” కత్తెరను దుప్పటి కిందికి తోసేసినాడు, ఏదో తప్పు చేస్తూ దొరికినట్టు.

ఆయన భార్య లిదియమ్మ లోపలినుంచి చేట పట్టుకుని వచ్చి, గడపలో కూర్చుని బియ్యం చెరగడం మొదలుపెట్టింది. “చూడు మే, ఎట్లుండాడో. నలభై ఏళ్ళు ఊరందరికీ క్రిస్మస్ బట్టలు కుట్టినాడు. ఈసారి ఆయన చొక్కా ఇంగో టైలరుకు ఇద్దామంటే వద్దంటాడు. టైలరు ఒంటి మీద ఇంగో టైలరు చొక్కానా అంటాడు. డిసెంబరుకంతా నేనే కత్తిరిస్తా చూడు అని పోయిన వారం నా ముందర రొమ్ము చరుచుకున్నాడు. ఏందో మీ షాపులో పందొమ్మిది వరసలంట. ఇప్పుడు నాలుగు దినాలనుంచి గమ్మున కూచోనుండాడు. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందని, ఆ కొత్త ఆటొచ్చి ఉన్న ఆటను ఎత్తకపొయ్యింది.”

“ఊరుకోవే” అన్నాడాయన.

“ఏం ఊరుకోను? కార్డులో ఇంగా పదమూడు గళ్ళుండాయి, పోయి అడిగి తెచ్చుకోమంటే వినడు.”

సుకుమారి చాప అంచు మీద కూర్చుంది. ఆత్మకూరు పోయింది, సావుకారు అన్నది, ఎడ్విన్ సారు చెప్పింది అంతా చెప్పింది. చెప్పేటప్పుడు గొంతులో మళ్ళీ వేడి పుట్టింది. “నీ చేతి సంగతి ఉండేది ఉన్నట్టు రాసియ్యి పెదనాయనా. నిదానం ఆట పోవడంతో నీకేం పోయిందో రాయి. ఆయన మీద గట్టిగా నిలబడుతుంది.”

యేసురత్నం కాసేపు సుద్దబిళ్ళను ఎడమచేతి వేళ్ళ మధ్య తిప్పినాడు.

“ఎవురి మీద రాయాల?”

“ఆత్మకూరు షాపు వెంకటరమణయ్య మీద.”

“ఆయన్ని నేను చూడనన్నా లేదే!” నిజంగానే ఆశ్చర్యపోయినాడు. “ఆయన నల్లగుంటాడో తెల్లగుంటాడో తెలీదు. నా దుడ్లు ఆయనకు ఇయ్యలేదే. నేనిచ్చింది నీకు గదమ్మా.”

ఆయన మాటలో నిష్ఠూరం లేదు. నూలుకొలత చెప్పినట్టు చెప్పినాడు, అంతే. లిదియమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

నా దగ్గర దుడ్లు తీసుకున్నది మీరు, బిల్లు మీద పేరు మీది. నిన్న మధ్యాన్నం తనే కౌంటరు ముందు నిలబడి అరిచింది. ఫ్యాను కొనేమనిషి తిరిగి చూసేట్టు అరిచింది. సుకుమారి తల వంచుకుని చాపలో ఒక పుల్ల పీకింది. సిగ్గు అనేది ఇంత వేడిగా ఉంటుందని ఆమెకు ఇంతకుముందు తెలీదు.

“మరి నాకెందుకు చెప్పలేదు పెదనాయనా?” అంది. “మన చర్చి సంఘంలో పద్ధతేంది? ఒకరి మీద కష్టముంటే ముందు ఒంటరిగా పోయి ఆ మనిషికే చెప్పాల. వినకపోతే ఇద్దరు ముగ్గురిని తీసుకపోయి చెప్పాల. నువ్వు ఒంటరిగా గూడా చెప్పలేదే!”

“చెప్దామనే లేచినాను. నేను నోరు తెరిచేలోపల మీ బోర్డు చెప్పేసింది గదా.”

“అయితే నా మీదనే రాయి” అంది సుకుమారి.

“ఛ, ఛ! ఏం మాటలమ్మా అయ్యి! ఆదివారం ఒకే చాప మీద కూచునేవాళ్ళం. నీ మీద నేను ఫిర్యాదు రాసేదా?”

“నువ్వు నా మీద రాస్తేనే నేను ఆయన మీద నిలబడగలను. నీకు నేను చేసింది నాకు ఆయన చేసినాడు. నీది నేను ఒప్పుకోకుండా నాది ఆయన్నెట్ల ఒప్పుకోమనేది?”

“రాయయ్యా” అంది లిదియమ్మ, చేట మళ్ళీ ఆడిస్తూ. “అమ్మాయి అడుగుతుండాది గదా. ఊరకే కూచోనే బదులు.”

యేసురత్నం తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. “రాయాలంటే ఇది ఒప్పుకోవద్దా? నువ్వే రాసుకో, ఎడమచేత్తో వేలిముద్ర వేస్తా.”

“వద్దు” అంది సుకుమారి. “నువ్వే రాయి. ఎన్నాళ్ళయినా ఫరవాలేదు. రేపు పదకొండుకు రా.”

*

శుక్రవారం పొద్దున బోర్డు మేకుల్ని సుత్తి వెనకతట్టుతో పీకింది. ఒక మేకు తుప్పు పట్టి రాలేదు, గోడ పెచ్చుతో సహా ఊడింది. కార్డులున్న పిల్లకాయల్ని పిలిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కావాల్సినవాళ్ళకు మిగిలిన డబ్బు ఇచ్చేసింది. కొందరు తీసుకుని పరిగెత్తినారు. ఇద్దరు మాత్రం జోడీ వచ్చేదాకా ఉంచుకో అక్కా అన్నారు. ఆ ఇద్దరి మీద ఆమెకు పుట్టిన ప్రేమ అంతా ఇంతా కాదు.

పదకొండుకు యేసురత్నం వచ్చి తన స్టూలు మీద కూర్చున్నాడు. టీవీ ఆపేసి ఉంది. ఆయన ఒళ్ళో పెట్టుకుని రాసుకోడానికి గట్టిది కావాల్సి వచ్చింది. చుట్టూ చూసి, ఊడబీకిన బోర్డునే అక్షరాలు కిందికి ఉండేట్టు ఆయన మోకాళ్ళ మీద పెట్టింది. దాని మీద తెల్లకాగితం. ఆయన ఎడమచేత్తో పెన్సిలును కుడిచేతి వేళ్ళ మధ్య దూర్చి, బొటనవేలిని దాని మీద ఆనించినాడు. కాగితం జారింది. సుకుమారి ఎదురుగా చిన్న స్టూలు లాక్కుని, రెండు మూలలూ రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

మొదటిరోజు ‘గౌరవనీయులైన’ అనే మాటకే పావుగంట పట్టింది. అలవాటుగా అలారం మోగింది. ఆమె దాని నెత్తిన ఒకటి వేసి ఆపేసింది. ‘గౌ’ గుడ్లగూబలాగా వచ్చిందని ఆయనే అన్నాడు. ఆ రోజుకు అంతే. శనివారం ఒక లైను. “నీ పేరు రాయడమే కష్టంగా ఉండాదమ్మా, ‘కు’ కింద కొమ్ము తిరగడంలా” అని విసుక్కున్నాడు. “నా మీద రాసేటప్పుడు నా పేరన్నా బాగా రాయి పెదనాయనా” అంటే ఆయనకు నవ్వొచ్చి, పెన్సిలు జారి కింద పడింది. ఆదివారం చర్చి, రాత లేదు. సోమవారం రెండు లైన్లు. మంగళవారం చెయ్యి అసలు మాట వినలేదు, ఒక్క మాటతో ఆపేసి, అరగంట ఊరికే కూర్చుని వెళ్ళిపోయినాడు. సుకుమారికి ఆ రోజు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. అయినా షాపులో పనేముంది? కొత్త ఆటకు వచ్చేది దినానికి నలుగురు.

ఎడ్విన్ సారు రెండుసార్లు కబురంపినాడు, నోటీసు ఎప్పుడు పంపుదామని. “ఇంగో కాయితం రావాల సార్” అని చెప్పి పంపింది.

శుక్రవారానికి ఎనిమిది లైన్లయినాయి. నా పేరు ఇది, పక్షవాతం వచ్చింది ఫలానప్పుడు, ఫలానా ఆట ఆడుతున్నాను, ఆ ఆటను చెప్పకుండా మార్చినారు, నా కార్డులో పదమూడు గళ్ళు మిగిలి ఉన్నవి. అక్షరాలు కొన్ని వేరుశెనక్కాయంత, కొన్ని గుమ్మడికాయంత. అయినా చదవొచ్చు.

“ఇంగ ఆఖరు లైను” అన్నాడు. “నాకు ఏమి కావాలో రాయమన్నాడు గదా ఎడ్విన్ సారు?”

“మిగిలిన గళ్ళ డబ్బు వాపసు కావాలి అని రాయి.”

ఆయన రాయలేదు. ఆపేసి ఉన్న టీవీ వైపు చూసినాడు. తర్వాత కాగితం మీదికి వంగినాడు. ఎన్నిసార్లు ఊపిరి పీల్చి వదిలినాడో, ఆమె మూలలు పట్టుకునే లెక్కపెట్టింది. రాసి, పెన్సిలు వదిలేసి, వెనక్కి వాలినాడు.

‘నాకు డబ్బు వద్దు. నిదానంగా పడే ఆట కావాల.’

సుకుమారి ఆ లైనును రెండుసార్లు చదివింది. లేచి సొరుగులోంచి ఎడ్విన్ సారు రాసిచ్చిన తన కాగితం తీసింది. నష్టపరిహారం కింద ఆయన ఏదో పెద్ద అంకె వేసినాడు. ఆ అంకెను ఎర్ర పెన్సిలుతో అడ్డంగా కొట్టేసి, పక్కన ‘నా పాత క్యాసెట్లు రెండూ నాకు కావాల’ అని రాసింది. మద్రాసు నుంచి తెప్పిస్తాడో, ఇంకెక్కడినుంచి తెస్తాడో, అది ఆయన పాట్లు. తెస్తాడో లేదో కూడా ఆమెకు తెలీదు. క్రిస్మస్ ఇంకా ఇరవై దినాలే ఉంది.

మళ్ళీ వచ్చి యేసురత్నం కాగితాన్ని మొదటినుంచి చదివింది. కింద ‘అందింది’ అని సంతకం పెట్టబోయి, ఆగింది.

“పెదనాయనా, కార్డు ఇట్లా ఇయ్యి.”

ఆయన ఇచ్చినాడు. ఆమె కొట్టేసిన గళ్ళను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. పన్నెండో దాని మీద వేలు నిలిచిపోయింది.

“పదమూడు కాదు, పద్నాలుగు.”

“కాదమ్మాయ్, పదమూడే. నేను దినామూ చూసుకుంటానే ఉండా.”

“ఆ సోమవారం నువ్వు ఆడింది ఆట కాదు. నువ్వే అన్నావు గదా, తరుముకోవడమని. నేను తెలిసే గడి కొట్టేసినాను. నువ్వు కార్డు చాపితే, సిగ్గు లేకుండా కొట్టేసినాను.” కాగితాన్ని మళ్ళీ బోర్డు మీద పరిచింది. “దిద్దు.”

“పోనీలేమ్మా, ఒక్క గడి.”

“పోనీను. దిద్దు పెదనాయనా.”

యేసురత్నం ఆమె ముఖంలోకి చూసినాడు. పెన్సిలు తీసుకుని, వేళ్ళ మధ్య దూర్చుకోడానికి ఎడమచెయ్యి సాయం తెచ్చుకోబోయి, మానుకున్నాడు. కుడిచేతి బొటనవేలు దానంతట అదే వంగి పెన్సిలు మీదికి వచ్చింది, నిదానంగా. సుకుమారి కాగితం రెండు మూలలూ గట్టిగా పట్టుకుంది. ఆయన ‘పదమూడు’ను కొట్టేసి, దాని మీద ‘పద్నాలుగు’ రాయడం మొదలుపెట్టినాడు.